వాల్టర్ స్కాట్ కాల్పుల వీడియో నాటకమా? ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసినవాళ్ళు చెప్పండి

నిద్రపట్టని_శీను
మా బావ ఫ్యామిలీ గ్రూపులో పద్నాలుగు నిమిషాల వీడియో ఒకటి పెట్టాడు. 2015 ఏప్రిల్ 4న అమెరికాలో, సౌత్ కరోలినాలోని నార్త్ చార్ల్‌స్టన్‌లో, మైకేల్ స్లేగర్ అనే పోలీసు వాల్టర్ స్కాట్ అనే నల్లజాతి మనిషిని కాల్చాడు కదా, ఆ ఫోన్ వీడియో మీద ఎవరో చేసిన "విశ్లేషణ" అది. బొమ్మని పెద్దది చేసి, స్లో చేసి, ఎర్ర గీతలు గీసి "ఇదంతా నటన, ఎవరూ చావలేదు" అంటున్నారు. రక్తం కనబడటం లేదట. తుపాకీ నుంచి మంట రాలేదట. ఆయన పడిపోయిన తీరు సినిమా ఫైటర్ పడ్డట్టుందట. కెమెరా పట్టుకున్న మనిషి సరిగ్గా ఆ టైముకే అక్కడ ఎలా ఉన్నాడని ఇంకో ప్రశ్న.
మొదటిసారి చూసి కొట్టిపారేశాను. తర్వాత ఒక ఇరవై సార్లు చూసుంటాను. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది, రాత్రి ఒంటిగంట వరకు అదే పని. వీడియో పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే అసలు ఏం చూడాలో చెప్పండి. "నమ్ము" అనో "నమ్మకు" అనో కాదు, ఎలా చూడాలో చెప్పండి.

గోదారి_గట్టు
పదేళ్ళయినా ఇది వదలరా? కోర్టులో తేలిపోయింది కదా.

నిద్రపట్టని_శీను
@గోదారి_గట్టు తేలిందని నాకూ తెలుసు అన్నా. కానీ బావకి ఏం చెప్పాలో తెలియట్లేదు. "కోర్టు చెప్పింది" అంటే "కోర్టు కూడా అందులో భాగమే" అంటాడు.

ఎడిటింగ్_టేబుల్
పదిహేనేళ్ళుగా పెళ్ళి వీడియోలు, షార్ట్ ఫిల్ములు కట్ చేస్తున్నాను. ముందు ఒక్క ప్రశ్న. నువ్వు చూసింది అసలు ఫైలా, బావ పంపిన ఫైలా? వాట్సాప్‌లో వచ్చిందంటే అది ఎన్నో చేతులు మారిన నకలు. ఎవరో యూట్యూబ్‌లో ఎక్కించారు, అక్కడ ఒకసారి కుదించారు. ఇంకొకరు దించుకుని గీతలు గీసి మళ్ళీ ఎక్కించారు, ఇంకోసారి కుదింపు. వాట్సాప్ మరోసారి నలిపేసి, ఎప్పుడు ఏ ఫోన్‌తో తీశారన్న మెటాడేటా కూడా తీసేస్తుంది. ఇన్నిసార్లు ఉతికిన గుడ్డ మీద మరక లేదంటే, మొదట్లో కూడా లేదని ఎలా చెప్తాం?
ఇంకో సంగతి. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి ఫోటో కాదు. కొన్ని ఫ్రేములు మాత్రమే మొత్తం బొమ్మని దాచుకుంటాయి. మిగతావి "ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఇంత" అని రాసుకుంటాయంతే. చిన్న చిన్న కదలికలు, చిన్న రంగు తేడాలు ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని పట్టించుకోకుండా నున్నగా చేసేస్తుంది. దూరంగా ఉన్న మనిషి చొక్కా మీద రూపాయి బిళ్ళంత తడి మచ్చ ఆ నున్నదనంలో పోతుంది. దాన్ని పదింతలు జూమ్ చేస్తే కొత్త వివరం రాదు, పక్క పిక్సెళ్ళని చూసి మధ్యవి కల్పించుకుంటుంది.

పచ్చిమిర్చి_బజ్జీ
మా పెళ్ళి వీడియోలో మా మావయ్యకి మూడు చేతులుంటాయి. ఇప్పుడు కారణం తెలిసింది.

ఎడిటింగ్_టేబుల్
@పచ్చిమిర్చి_బజ్జీ అది డిజాల్వ్ ఎఫెక్ట్ బ్రో, ఆ కాలంలో మేమందరం వాడిన పాపమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
రక్తం మాట నేను చెప్తాను, క్యాజువాల్టీలో పన్నెండేళ్ళు పనిచేశాను. పిస్టల్ గుండు లోపలికి వెళ్ళిన చోట గాయం చాలా చిన్నది. చొక్కా మీద చూస్తే ఒక్కోసారి గుండీ రంధ్రమంత. రక్తం ఎక్కువగా లోపలే, ఛాతీలో, పొట్టలో పోతుంది. పైకి వచ్చింది బట్టలు పీల్చుకుంటాయి. స్కాట్‌కి ఐదు గుండ్లు తగిలాయని పోస్టుమార్టం చెప్పింది: మూడు వీపులో, ఒకటి పిరుదు పైభాగాన, ఒకటి చెవిని రాసుకుంటూ. మనిషి బోర్లా పడ్డాడు, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. అంత దూరం నుంచి ఫోన్‌లో ఎర్రటి మడుగు కనబడాలని ఎందుకనుకుంటున్నారు?
పడిపోయే తీరు గురించి కూడా. గుండు తగలగానే మనిషి గాల్లోకి ఎగిరి వెనక్కి పడటం సినిమాల్లోనే. పిస్టల్ గుండుకి మనిషిని తోసేంత బలం ఉండదు. కాళ్ళు అదుపు తప్పి ఉన్నచోటే కుప్పకూలతారు. పరిగెత్తేవాళ్ళు రెండు మూడు అడుగులు వేసి ముందుకి పడతారు. నేను చూసిన కత్తిపోటు కేసులో ఒకాయన తనకి తగిలిందని తెలియక స్కూటర్ తోలుకుంటూ హాస్పిటల్‌కి వచ్చాడు. నిజమైన గాయం చాలాసార్లు "నిజంగా" కనబడదు.

నిజం_నిగ్గు
అంతా బాగానే చెప్తున్నారు. మరి తుపాకీ మంట? ఎనిమిది సార్లు పేల్చాడట. ఒక్క ఫ్రేములో అయినా కనబడాలిగా. నాకు ఇప్పటికీ అనుమానమే.

ధ్వని_తరంగం
@నిజం_నిగ్గు మంచి ప్రశ్నే, విసుక్కోకుండా చెప్తాను. నేను సౌండ్ రికార్డింగ్ మనిషిని.
ఫోన్ సెకనుకి సుమారు 30 ఫ్రేములు తీస్తుంది. కానీ ఒక్కో ఫ్రేముకి సెన్సర్ వెలుతురు తీసుకునేది చాలా కొద్ది సేపే. పగటిపూట ఎండ ఉన్నప్పుడు అది సెకనులో వెయ్యో వంతు కూడా కావచ్చు. అంటే సెకనులో ఎక్కువ భాగం కెమెరా కళ్ళు మూసుకునే ఉంటుంది. తుపాకీ మంట కొన్ని మిల్లీసెకన్లు. రెండూ కలిస్తే అదృష్టం. పైగా పగటి వెలుగులో పిస్టల్ మంట మామూలు కంటికే సరిగా ఆనదు.
చప్పుడు సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ వీడియోలో ఏడు దెబ్బలు వరసగా, చిన్న ఆగుడు, తర్వాత ఎనిమిదోది. ఆ ఆగుడు గుండెని పిండేస్తుంది. ధ్వని సెకనుకి 340 మీటర్ల చొప్పున వస్తుంది కాబట్టి, 34 మీటర్ల దూరం నుంచి తీస్తే చప్పుడు సెకనులో పదో వంతు ఆలస్యంగా, అంటే మూడు ఫ్రేములు వెనక పడుతుంది. "చెయ్యి కదలికకీ చప్పుడుకీ పొంతన లేదు, డబ్బింగ్ చేశారు" అని చూపించేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు. నిజానికి చప్పుడు బొమ్మతో ఇసుమంత తేడా లేకుండా కలిసిపోతేనే నేను అనుమానిస్తాను.

నిజం_నిగ్గు
సరే, అది ఒప్పుకుంటాను. కెమెరామన్ మాటేమిటి?

చార్లెట్_తెలుగోడు
నేను పక్క రాష్ట్రంలో ఉంటాను, అప్పట్లో లోకల్ వార్తల్లో రోజూ ఇదే. తీసినాయన పేరు ఫైడిన్ సాంటానా, క్షవరం చేసే పని. పనికి నడిచి వెళ్తూ పెనుగులాట చూశాడు, ఫోన్ తీశాడు. వీడియో మొదట్లో ఫోన్ ఊగిపోతుంది, కంచె అడ్డొస్తుంది, బొమ్మ మసకబారుతుంది. ప్లాన్ వేసి తీసేవాడు కీలకమైన ఘట్టాన్ని అలా పాడుచేసుకుంటాడా? పైగా ఆయన భయంతో దాన్ని చెరిపేసి ఊరు వదిలిపోదామనుకున్నానని టీవీలో చెప్పాడు. చివరికి స్కాట్ కుటుంబానికి ఇచ్చాడు. ఏప్రిల్ 7న వీడియో బయటికి రావడం, స్లేగర్ అరెస్టు కావడం ఒకే రోజు.
ఆ మధ్యలో మూడు రోజులు లోకం విన్నది ఒకే కథ. "నా టేజర్ (కరెంటు షాకిచ్చే పోలీసు తుపాకీ) లాక్కున్నాడు, ప్రాణభయంతో కాల్చాను" అని స్లేగర్ చెప్పింది.

పాత_రీలు
ఇన్ని పోస్టులు చదివి ఒక మాట రాయాలనిపించింది. శీను, నువ్వు తప్పు మనిషిని చూస్తున్నావు.
మీ బావ పంపిన వీడియోలో ఎర్ర గీతలన్నీ స్కాట్ చుట్టూ ఉన్నాయి కదా? పడ్డాడా, నటించాడా, కాలు కదిలిందా, ఇదే గొడవ. స్కాట్‌ని వదిలేసి స్లేగర్ చేతుల్ని చూడు. కాల్పులయ్యాక ఆయన మెల్లగా నడిచి వస్తాడు, బేడీలు వేస్తాడు. తర్వాత వెనక్కి తిరిగి, మొదట కాల్చిన చోటికి వెళ్తాడు. ఆ పోక కూడా పరుగులాంటిది, ఊపిరాడని మనిషి పక్కనుండగా. అక్కడ వంగి నేలమీద ఏదో తీస్తాడు. మళ్ళీ స్కాట్ దగ్గరికి వచ్చి, శరీరం పక్కన దాన్ని జారవిడుస్తాడు. ఇంకో ఆఫీసర్ అక్కడే ఉన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ తీసుకుని నడుముకి పెట్టుకుంటాడు. అది టేజర్.
"టేజర్ లాక్కున్నాడు" అని స్లేగర్ పోలీసు రేడియోలో చెప్పిన మాటకీ ఆ చేతి కదలికకీ మధ్య ఏముందో నువ్వే ఆలోచించు. ఆ వీడియోలో ఏదైనా "అమర్చడం" ఉంటే అది అక్కడే ఉంది. పద్నాలుగు నిమిషాలు నాటకం కోసం వెతికినవాడు ఆ కొన్ని సెకన్లని కత్తిరించి పారేశాడు. నాకు కోపం వచ్చేది అందుకే.

ఎడిటింగ్_టేబుల్
@పాత_రీలు ఇప్పుడే మళ్ళీ చూశాను. మీరన్నది నిజం. చెయ్యి వదిలేసిన చోట కెమెరా కూడా ఊగకుండా నిలబడి ఉంది.

లాయరమ్మ
పాత_రీలు గారు చెప్పినదానికి రెండో వైపు కూడా పెట్టాలి, లేకపోతే మనమూ ఎర్ర గీతల బాపతే అవుతాం. స్లేగర్ లాయర్ల వాదన ఏమిటంటే, వీడియో మొదలవకముందు ఇద్దరి మధ్యా కిందపడి పెనుగులాట జరిగింది, కెమెరాకి అందనిది చాలా ఉంది, టేజర్ విషయంలో కుట్ర లేదు అని. రాష్ట్ర కోర్టులో జరిగిన హత్య కేసు విచారణలో జ్యూరీ అందరూ ఒక మాట మీదికి రాలేదు, 2016 డిసెంబర్‌లో అది తేలకుండానే ముగిసింది.
కానీ గమనించండి. వీడియో అబద్ధమని నిరూపిస్తే అందరికంటే లాభపడేది ఎవరు? స్లేగరే. అందుకు డబ్బిచ్చి నిపుణుల్ని పెట్టుకునే హక్కు ఆయన లాయర్లకి ఉంది. వాళ్ళు కూడా "ఇది నకిలీ, ఎవరూ చావలేదు" అనలేదు. వీడియోని ఒప్పుకుని, దాని అర్థం మీద పోట్లాడారు. 2017 మేలో స్లేగర్ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో పౌరహక్కుల నేరం ఒప్పుకున్నాడు. డిసెంబర్‌లో 20 ఏళ్ళ శిక్ష పడింది. అంతకుముందే 2015లో నగరం ఆ కుటుంబానికి 65 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మీ బావగారితో మాట్లాడేటప్పుడు "కోర్టు చెప్పింది" అనకండి. "ముద్దాయి వైపు వాళ్ళే అనలేదు" అనండి.

నిద్రపట్టని_శీను
@లాయరమ్మ ఇది నాకు తట్టనే లేదు అక్కా.

గోదారి_గట్టు
నాకూ తట్టలేదు.

నిజం_నిగ్గు
నేను పట్టుదలకి మాట్లాడటం లేదు, నా అనుమానానికి కారణం ఉంది. మా తమ్ముడి యాక్సిడెంట్ కేసులో సీసీటీవీ ఫుటేజ్ మమ్మల్ని రెండేళ్ళు ఏడిపించింది. అవతలివాళ్ళు "ఫుటేజ్‌లో టైము చూడండి, ఆ సమయానికి మా లారీ ఆ రోడ్డు మీదే లేదు" అన్నారు. స్క్రీన్ మీద అంకెలు అలాగే ఉన్నాయి మరి. చివరికి తేలిందేమిటంటే ఆ డీవీఆర్ (కెమెరా బొమ్మల్ని రికార్డు చేసే పెట్టె) గడియారం పదకొండు నిమిషాలు ముందుంది. ఎవరూ కుట్ర చేయలేదు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరూ సరిచేయలేదు. వీధి చివర ఇంకో కెమెరాలో పసుపు రంగు స్కూలు బస్సు ఒకటి కనబడింది, అదే బస్సు ఈ కెమెరాలోనూ ఉంది, ఆ రెంటినీ కలిపితే తేడా బయటపడింది. అసలు ఫైలు ఇవ్వకుండా మానిటర్ ముందు ఫోన్ పెట్టి తీసిన క్లిప్ ఇచ్చారు ముందు, అందులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం తప్ప నంబరు ప్లేటు కనబడదు. అందుకే వీడియో అంటే నాకు నమ్మకం పోయింది.

పాత_రీలు
@నిజం_నిగ్గు తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

నిజం_నిగ్గు
నడుస్తున్నాడు అన్నా. కుంటుతాడు.

పాత_రీలు
మీరు ఆ పసుపు బస్సుతో చేశారే, పెద్ద పెద్ద నిపుణులు చేసేది కూడా అదే. ఒక్క వీడియోని నమ్మరు, ఒకదానికి ఇంకోటి జోడిస్తారు. స్కాట్ విషయంలో స్లేగర్ కారు డాష్‌క్యామ్ ఉంది. బ్రేక్ లైటు వెలగలేదని కారు ఆపడం, మాట్లాడటం, స్కాట్ దిగి పరిగెత్తడం అందులో రికార్డయ్యాయి. రేడియో రికార్డింగ్ ఉంది. ఫోన్ వీడియో ఉంది. శరీరం మీద గాయాలున్నాయి. నాటకమైతే ఈ నాలుగూ సెకన్ల లెక్కన ఒకదానితో ఒకటి కుదరాలి. నకిలీ చేసేవాడికి ఒక వీడియో తయారుచేయడం కష్టం కాదు, నాలుగు వేరువేరు చోట్ల నుంచి వచ్చినవాటిని కలపడం కష్టం.

చార్లెట్_తెలుగోడు
పోలీసులే సీన్ అమర్చడం వీడియోకి దొరికిన కేసు ఇంకోటుంది, బాల్టిమోర్‌లో, 2017. ఆఫీసర్ సందులో చెత్త దగ్గర డబ్బాలో మత్తుమందు పొట్లం పెట్టి, వీధిలోకి వచ్చి బాడీ క్యామ్ (ఒంటికి తగిలించుకునే కెమెరా) నొక్కి, తిరిగి లోపలికి వెళ్ళి "దొరికింది" అన్నట్టు తీశాడు. ఆయనకి గుర్తులేనిది ఏమిటంటే, ఆ కెమెరా నొక్కడానికి ముందు 30 సెకన్లు కూడా దాచుకుంటుంది, సౌండ్ లేకుండా. పెట్టడం మొత్తం అందులో ఉంది. ముందే దొరికినదాన్ని మళ్ళీ నటించి చూపించానన్నాడు, కోర్టు నమ్మలేదు, 2018లో దోషి అని తేల్చింది.

ధ్వని_తరంగం
అందుకే బాడీ క్యామ్ వీడియోలో మాటలు ఎక్కడ మొదలవుతాయో చూడాలి. మౌనంగా ఉన్న ఆ మొదటి అరనిమిషాన్ని అందరూ ముందుకి జరిపేస్తారు, మైకు పాడయిందనుకుని.

పచ్చిమిర్చి_బజ్జీ
షికాగో లాక్వాన్ మెక్‌డొనాల్డ్ కేసు కూడా ఇలాంటిదే కదా? పోలీసు రిపోర్టుల్లో కత్తితో మీదికి వచ్చాడని రాశారు.

లాయరమ్మ
అవును. 2014 అక్టోబర్ 20న ఒక పోలీసు అతన్ని కాల్చి చంపాడు. 16 గుండ్లు. డాష్‌క్యామ్ వీడియో బయటికి రావడానికి 13 నెలలు పట్టింది. అందులో ఆ పదిహేడేళ్ళ కుర్రాడు పక్కకి నడిచిపోతున్నాడు. వీడియో నిజమే, కాగితం మీద రాసింది అబద్ధం. 2018లో ఆఫీసర్‌ని దోషి అన్నారు.

రైలు_కిటికీ
స్లో మోషన్ గురించి ఎవరూ అనలేదు. 1991లో లాస్ ఏంజెలెస్ పోలీసులు రోడ్నీ కింగ్‌ని కొట్టిన వీడియోని, విచారణలో పోలీసుల లాయర్లే ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూపించారు. ఒక్కో దెబ్బనీ విడదీసి "ఇక్కడ చూడండి, ఇతను లేవబోతున్నాడు" అని. 1992లో ఆ జ్యూరీ ఎవరినీ దోషి అనలేదు, ఊరు తగలబడింది. ఆపి చూస్తే నిజం దొరుకుతుందని మనం అనుకుంటాం. కాల్పుల వీడియోల మీద 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, అదే వీడియోని స్లోగా చూసినవాళ్ళు ఎక్కువగా "కావాలనే చేశాడు" అనుకున్నారు. మెల్లగా కదిలితే ఆలోచించుకుని చేసినట్టే కనబడుతుంది. స్కాట్ పడటం కూడా స్లో చేస్తే చూసి చూసి పడ్డట్టుంటుంది. మామూలు వేగంతో చూస్తే అది ఎవరూ నటించలేని పడటం.

నిద్రపట్టని_శీను
@రైలు_కిటికీ బావ పంపిన దాంట్లో ఒక్కసారి కూడా మామూలు వేగంతో లేదు. నేను ఇరవైసార్లు చూసిందంతా స్లో మోషనే.

ఎడిటింగ్_టేబుల్
దానికి తోడు ఇప్పుడు ఏఐతో "క్లియర్" చేసిన కాపీలు తిరుగుతున్నాయి, జాగ్రత్త. ముఖం స్పష్టంగా, వేళ్ళు స్పష్టంగా కనబడతాయి. ఆ వేళ్ళు యంత్రం గీసినవి. వాటిని చూసి "చేతిలో ఏదో ఉంది" అనే వాదన మీద నేను ఒక్క నిమిషం కూడా పెట్టను.

గోదారి_గట్టు
మన దగ్గర ఎన్‌కౌంటర్లకి చూడటానికి వీడియో ఎక్కడుంటుందిలే.

లాయరమ్మ
@గోదారి_గట్టు లేదని ఊరుకోకూడదు. ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు ఎలా జరగాలో 2014లో పీయూసీఎల్ (పౌరహక్కుల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూత్రాలు పెట్టింది. పోస్టుమార్టం వీడియో తీయాలన్నది అందులో ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ ఫైలు కోర్టుకిస్తే దాంతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె. ఒక్క పిక్సెల్ మారినా ఆ అంకె మొత్తం మారిపోతుంది. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటిది తీస్తే, ఫోన్‌లో అసలు ఫైలుని ముట్టుకోకండి. కత్తిరించొద్దు, పేరు మార్చొద్దు, వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేయొద్దు. నకలు తీసి లాయరుకి ఇవ్వండి. నిజం_నిగ్గు గారికి జరిగిన బాధ అక్కడే మొదలైంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నాకు ఇందులో ఒకటే బాధ. "ఎవరూ చావలేదు" అని గీతలు గీసేవాళ్ళు ఆయన తల్లిని ఒక్కసారి తలుచుకుంటారా? యాభై ఏళ్ళ కొడుకు. మా వార్డులో కొడుకు పోయిన తల్లికి నిజం చెప్పడమే నోరు రాదు, ఆమెతో "నీ కొడుకు నటించాడు" అనడానికి మనసెలా వస్తుంది?

నిజం_నిగ్గు
సిస్టర్ గారూ, ఆ వైపు ఆలోచించలేదు. తమ్ముడి కేసులో అవతలి లాయరు "కుంటడం నాటకం" అన్నప్పుడు మా అమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయింది.

నిద్రపట్టని_శీను
అప్‌డేట్. నిన్న రాత్రి వార్తాసంస్థలు పెట్టిన మూడు నిమిషాల పైచిలుకు వీడియో, గీతల్లేనిది, ల్యాప్‌టాప్‌లో మామూలు వేగంతో చూశాను. ఒక్కసారే, మొదటి నుంచి చివరి దాకా. ఏడు చప్పుళ్ళు, ఆగుడు, ఎనిమిదోది. తర్వాత పాత_రీలు గారు చెప్పినట్టు స్కాట్‌ని చూడటం మానేసి స్లేగర్ కుడి చేతినే చూశాను. వంగాడు, తీశాడు, వచ్చాడు, వదిలాడు. బావ పంపిన పద్నాలుగు నిమిషాల్లో ఈ ముక్క ఉందేమోనని మళ్ళీ వెతికాను. లేదు. బేడీలు వేసే దగ్గర కట్ చేసి, మళ్ళీ పడే సీన్‌కి వెళ్ళిపోయాడు.
పూర్తి వీడియో బావకి పంపి, "చివరి నిమిషం చూసి ఫోన్ చెయ్యి" అని రాశాను. బ్లూ టిక్ పడి గంటన్నర అయింది. ఇంకా చెయ్యలేదు.

గోదారి_గట్టు
చేస్తే ఇక్కడ రాయి.